పసిగట్టడం అంటే మెచ్చుకోలా, ఎత్తిపొడుపా?

నమస్కారమండి. మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఊరు ఇటు వచ్చేసింది గానీ ఇంట్లో మాట తెలుగే. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి ఈ సందేహం అడగాల్సి రావడం కాస్త సిగ్గుగానే ఉంది.

ఒడియా బడిలో చదివే మా అమ్మాయి 'సంవేదనశీల' అన్న మాటకు తెలుగు అడిగింది. 'సున్నితమైన' అన్నాను. "అంటే ఊరికే ఏడ్చేవాళ్లా?" అంది. నిజమే, సున్నిత మనసంటే తాను తొందరగా నొచ్చుకునేదే. ఎదుటివాళ్ల నొప్పి చెప్పకుండానే తెలుసుకునేవాళ్లను ఏమనాలి?

మా అత్తయ్య అలాంటి మనిషి. మొన్న ఆఫీసులో మాట పడి ఇంటికొచ్చాను. గుమ్మంలో చెప్పులు విడిచేలోపే నా మొహం చూసి, ఏమీ అడక్కుండా టీకి నీళ్లు పెట్టేసింది. పక్కింటావిడ నవ్వుతూ, "మీ అత్త ఇట్టే పసిగట్టేస్తాది" అంది. మాట బాగుంది. కానీ 'పసి' అంటే వాసన కదా, కుక్క దొంగను పసిగట్టినట్టు ఉంటుందేమోనని ఆగాను. ప్రమాదాన్నీ మోసాన్నీ పసిగట్టడం విన్నాను. బాధను పసిగట్టింది అంటే మీ చెవికి ఎలా ఉంది?

'మనసెరిగిన మనిషి' అనొచ్చు గానీ అది బాగా తెలిసినవాళ్ల గురించే అనిపిస్తుంది, బస్సులో ముక్కూమొహం తెలియని ముసలాయన అవస్థ గమనించి సీటిచ్చే పిల్లకు అతకదు.

శ్రీకాకుళం వైపు, రాయగడ, జయపురం వైపు పెద్దవాళ్లు దీనికి ఏ మాట వాడతారో, ఒక వాక్యంలో పెట్టి చెప్పగలరా?