వైరస్ మారిపోతే హెచ్‌పీవీ టీకా దండగేనా?

గాజువాక అమ్మ:
మా పాపకి 12 ఏళ్లు. పోయిన వారమే హెచ్‌పీవీ టీకా, అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్‌ని ఆపే టీకా, మొదటి డోస్ వేయించాం. నిన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకరు, కరోనాకి వచ్చినట్టే దీనికీ వేరియంట్లు ఉన్నాయి, టీకా దండగ అని పెట్టారు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

సీతమ్మధార నుంచి:
నాదీ అదే బాధ అండి. పెద్దమ్మాయికి ఈ వైరస్‌లో నాలుగు రకాలను ఆపే టీకా వేయించాం, చిన్నదానికి తొమ్మిది రకాలను ఆపేది. పెద్దదానికి అన్యాయం చేశామేమో అని క్లినిక్‌లో అడిగితే సరిగా చెప్పకుండానే పంపేశారు.

మైక్రోబయాలజీ మాస్టారు, మద్దిలపాలెం:
అమ్మా, రకం వేరు, వేరియంట్ వేరు. రెండూ కలిపేయడంతోనే ఈ భయం.

ఈ వైరస్ పైతొడుగు ఎల్1 అనే ప్రోటీన్‌తో తయారవుతుంది. టీకాలో ఉండేది ఆ ఖాళీ తొడుగే, లోపల వైరస్ డీఎన్‌ఏ ఉండదు. ఎల్1 జన్యువులో కనీసం 10 శాతం తేడా ఉంటేనే దాన్ని వేరే రకం అంటారు. అలాంటివి 200కు పైగా ఉన్నాయి. ఒక రకానికి పుట్టిన యాంటీబాడీలు ఇంకో రకాన్ని గట్టిగా పట్టుకోలేవు. రకాలకు నంబర్లే పేర్లు. అందుకే టీకాలో 16, 18 రకాల తొడుగులను విడివిడిగా పెడతారు.

వేరియంట్ అంటే ఒకే రకం లోపలి చిన్న తేడా. 16వ రకంలో ఏ, బి, సి, డి అని నాలుగు శాఖలున్నాయి. వీటిలో కొన్నింటికి క్యాన్సర్ తెచ్చే గుణం ఎక్కువ, అది నిజమే. కానీ తొడుగు దాదాపు ఒకటే కాబట్టి, ల్యాబ్ పరీక్షల్లో 16వ రకం టీకాతో వచ్చిన యాంటీబాడీలు దాని వేరియంట్లనూ అడ్డుకున్నాయి. పైగా ఇది డీఎన్‌ఏ వైరస్. మన కణాల్లోని ఏర్పాటుతోనే కాపీలు తీసుకుంటుంది, తప్పులు తక్కువ. కరోనా అంత వేగంగా మారదు.

తేడా కనిపించేది ఇంకోచోట. 16, 18కి వేసిన టీకా వాటి దగ్గరి చుట్టాలైన 31, 33, 45 రకాల మీద కూడా కొంత పనిచేస్తుంది. ఆ అరువు రక్షణ 31, 33లలో వేరియంట్‌ని బట్టి ఎక్కువ తక్కువలవుతుందని ల్యాబ్‌లో చూశారు. తొమ్మిది రకాల టీకాలో ఆ మూడూ నేరుగా ఉన్నాయి.

సీతమ్మధార నుంచి:
మరి మా పెద్దమ్మాయి సంగతి, మాస్టారూ?

మైక్రోబయాలజీ మాస్టారు, మద్దిలపాలెం:
ప్రపంచం మొత్తం మీద గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతం 16, 18 వల్లే. ఆ రెండూ నాలుగు రకాల టీకాలో ఉన్నాయి. తొమ్మిది రకాలదైతే 90 శాతం దాకా. మీరు అన్యాయమేమీ చేయలేదమ్మా. 30 ఏళ్లు వచ్చాక ఇద్దరికీ హెచ్‌పీవీ పరీక్ష, అంటే గర్భాశయ ముఖద్వారంలో ఈ వైరస్ ఉందేమో చూసేది, మాత్రం మానకండి.

పెందుర్తి నుంచి:
ఆ పరీక్ష గురించే నేనూ చెబుదామనుకున్నాను. మా పిన్నికి నెలసరి ఆగిపోయిన ఏళ్లకి మళ్లీ రక్తం కనిపించింది. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగుతూ ఊరుకుంది. ఎవరికీ చెప్పలేదు. అది ఈ క్యాన్సరేనని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. ఇంట్లో ఆడపిల్లలకి టీకా వేయించేటప్పుడే తల్లులు కూడా వెళ్లి పరీక్ష చేయించుకోండి, దయచేసి.

గాజువాక అమ్మ:
మీ పిన్నిగారి గురించి చదివి మనసు పాడైంది. నాకు 41, ఎప్పుడూ చేయించుకోలేదు. పాప రెండో డోస్ ఆరు నెలలకి, నా పరీక్ష ఈ వారమే. మాస్టారూ, మీరు రాసింది మా గ్రూపులో పెట్టవచ్చా?

మైక్రోబయాలజీ మాస్టారు, మద్దిలపాలెం:
పెట్టండమ్మా. రకం, వేరియంట్ అన్న మాటలు మాత్రం తారుమారు కాకుండా చూడండి.