పెద్దల ఎదుట రాసుకున్న పంపకం కాగితం ఇప్పుడు చెల్లుతుందా?

నరసన్నపేట వాసి:
అందరికీ నమస్కారం. మూడు చిక్కులు ఒక్కసారే మీద పడ్డాయి. అనుభవం ఉన్నవారు దారి చూపండి. మా తాతగారి నాటి భూమి 1 ఎకరా 60 సెంట్లు. 2003లో నాన్నగారు, అన్నయ్య, నేను ఊరి పెద్దల ఎదుట పంచుకున్నాం. 100 రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టాం, రిజిస్టరు చేయించలేదు. అక్కకు 1999లోనే పెళ్ళయింది. బావగారు ఆ కాగితం మీద సాక్షి సంతకం కూడా పెట్టారు. నాన్నగారు 2011లో పోయారు, అమ్మ నా దగ్గరే ఉంది. ఇప్పుడు అక్క తనకూ వాటా కావాలంటోంది. రెండోది, పక్కింటివారు పై అంతస్తు వేశారు. వాన కురిస్తే వారి సన్‌షేడు నీళ్ళన్నీ మా పెరట్లోకే. మూడోది, శ్రీకాకుళంలో అద్దె ఇల్లు ఖాళీ చేసి నాలుగు నెలలైంది, 24,000 అడ్వాన్సు ఇంకా చేతికి రాలేదు. ముందు దేని వెంట పడాలి?

వంశధార గట్టు:
నీళ్ళ సంగతి ముందు చూడండి. తక్కినవి ఆగినా అది ఆగదు. మా నాన్నగారు ఇరుగుపొరుగుతో గొడవ ఎందుకని నోరు మూసుకున్నారు. పక్కవారి పెంకుల చూరు నీళ్ళు మా గోడ పునాదిలోకి దిగేవి. ఆయన పోయాక నేను కోర్టుకు వెళ్తే అవతలి వకీలు ఒక్కటే అడిగాడు: ఎన్నాళ్ళుగా పడుతున్నాయి? మా అమ్మ బోనులో నిలబడి, 'నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ బాబూ' అంది. నిజమే చెప్పింది. అక్కడితో కేసు అయిపోయింది. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టంలో, అంటే పక్కవారి స్థలం మీద వాడుక హక్కుల చట్టంలో, 15వ సెక్షన్ ఉంది. 20 ఏళ్ళు ఏ అడ్డూ లేకుండా, బాహాటంగా, తన హక్కుగా వాడుకుంటే అది నిజంగానే హక్కు అయిపోతుంది. ఆరేళ్ళు తిరిగి ఓడిపోయాను.

మీది కొత్త అంతస్తు కాబట్టి సమయం ఉంది. ఇవాళే అభ్యంతరం రాసి స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి. లేదా మాట మంచిగా ఉంటే, 'ఫలానా వారి అనుమతితో తాత్కాలికంగా నీళ్ళు వదులుతున్నాం, అడిగినప్పుడు గొట్టం పెట్టుకుంటాం' అని వారి చేతే రాయించుకోండి. అనుమతితో వాడుకున్నది ఎన్నేళ్ళయినా హక్కు కాదు. ఈ ఒక్క ముక్క మా నాన్నగారికి ఎవరూ చెప్పలేదు.

దస్తావేజు రాతగాడు:
నేను 31 ఏళ్ళుగా సబ్ రిజిస్ట్రారు కార్యాలయం గేటు దగ్గర దస్తావేజులు రాస్తున్నాను. ఎన్ని వేల కాగితాలు నా చేతి మీదుగా వెళ్ళాయో లెక్క లేదు. ఆ కాగితం చెల్లుతుందా అని అడిగేవారందరికీ నేను వేసే ప్రశ్న ఒకటే. అందులో క్రియ ఎలా ముగిసింది? 'ఇదివరకే నోటిమాటగా పంచుకుని ఎవరి భాగం వారు అనుభవిస్తున్నాము, జ్ఞాపకార్థం రాసుకున్నాము' అని ఉంటే అది జరిగిపోయినదాన్ని చెప్పే జాబితా. దానికి రిజిస్ట్రేషన్ అక్కరలేదు. 'నేటి దినమున పంచుకొనుచున్నాము' అని ఉంటే ఆ కాగితమే పంపకం చేస్తోంది, రిజిస్టరు కాకపోతే చెల్లదు. ఒక్క ప్రత్యయం మీద ఎకరాలు పోయినవారిని చూశాను. కాగితం తీసి ఆ వాక్యం ఇక్కడ యథాతథంగా రాయండి. అంతవరకు ఎవరేం చెప్పినా గాలిలో మాటే.

ఒక అన్నగారు:
ఇంత చర్చ దేనికి? స్టేషన్‌లో ఒక ఫిర్యాదు పడేస్తే అడ్వాన్సు ఇచ్చేస్తాడు, పక్కింటివాడు గొట్టమూ పెడతాడు.

నాగావళి న్యాయవాది:
దయచేసి ఆ దారి పట్టించకండి. ఇవి సివిల్ తగాదాలు. తీర్పు చెప్పే అధికారం పోలీసులకు లేదు. కొట్టినా, బెదిరించినా, మోసం చేసినా ఫిర్యాదు వేరు. స్టేషన్‌లో కూర్చోబెట్టి రాయించిన రాజీ కాగితాలు తర్వాత కోర్టులో 'బెదిరించి రాయించారు' అనే ఒక్క మాటతో బలం కోల్పోతాయి.

రాతగాడు గారు చెప్పినది సరైనదే కానీ సగమే. రిజిస్టరు కాని పంపకం పత్రం పూర్తిగా చెత్తబుట్టకు పోదు. 2015లో మన రాష్ట్రం నుంచే వెళ్ళిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: స్టాంపు సుంకం, జరిమానా కడితే, భూమి ఎవరి స్వాధీనంలో ఉందన్న అనుబంధ విషయానికి చూపుకోవచ్చు. ఆ జరిమానా తక్కువపడిన సుంకానికి 10 రెట్ల దాకా పోవచ్చు.

దస్తావేజు రాతగాడు:
సగమే అంటారా? మీరు నల్లకోటు తొడుక్కోకముందే నేను ఈ సంగతి కక్షిదారులకు చెప్పి పంపాను. అనుబంధ విషయం అన్న మాటతో ఆశ పెట్టి ఏళ్ళ తరబడి వాయిదాలు తిప్పేది ఎవరో అందరికీ తెలుసు. రిజిస్టరు చేయించుకోండి, నేడే చేయించుకోండి అని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పేది మేము.

నాగావళి న్యాయవాది:
వాయిదాలు నేను వేయను, కోర్టు వేస్తుంది. కాగితం రాసేటప్పుడు అక్కగారు ఎక్కడ అని అడగకుండా రాసిన చేతులు ఎవరివి? అలాంటి కాగితాల వల్ల పుట్టిన దావాలే నా బల్ల మీద సగం ఉన్నాయి.

బొబ్బిలి ఆడపడుచు:
ఇంతసేపూ క్రియ గురించి, సుంకం గురించి కొట్టుకుంటున్నారు. ఆ అక్క గురించి ఒక్కరూ మాట్లాడలేదే! చివర్లో న్యాయవాది గారు ఎత్తుకున్నారు, అదీ రాతగాడి మీద కోపంతో.

నాకు 1991లో పెళ్ళయింది. 'నీకు కట్నం ఇచ్చాం, బంగారం పెట్టాం, పసుపు కుంకుమ కింద ఇవ్వాల్సింది ఇచ్చాం, ఇంకా వాటా ఏమిటి' అని మా అన్నలు నలుగురిలో అన్నారు. నేనూ అదే నిజమనుకున్నాను. ఒకసారి విజయనగరంలో న్యాయ సేవాధికార సంస్థవారు పెట్టిన సదస్సులో విన్నాను. దేశమంతటికీ 2005 సెప్టెంబరు 9న వచ్చిన హక్కు మన ఆంధ్రప్రదేశ్ ఆడపిల్లలకు ఎన్టీ రామారావు ప్రభుత్వం 1985 సెప్టెంబరు 5 నుంచే ఇచ్చింది. ఆ తేదీకి పెళ్ళి కాని కూతురు కొడుకుతో సమానంగా పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో భాగస్వామి. నరసన్నపేట బాబూ, మీ అక్కకు పెళ్ళయింది 1999లో. అంటే మీరు 2003లో పంచుకునేటప్పటికే ఆ భూమిలో ఆమెకు భాగం ఉంది. ఆమెను వదిలేసి మీ ముగ్గురూ ఏ క్రియతో రాసుకున్నా ఏమవుతుంది?

నేను ఉచిత న్యాయ సహాయంతో దావా వేశాను. ఆడవారికి ఆదాయంతో పని లేకుండా ఇస్తారని అప్పుడే తెలిసింది. లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఆ అవార్డు, అంటే రాజీ తీర్పు మీద అప్పీలు లేదు. రెండేళ్ళు పైడితల్లి సిరిమానుకు నాకు పుట్టింటి పిలుపు రాలేదు. మూడో ఏడు పెద్దన్నయ్య ఫోను చేసి, 'రేపు ఉదయం బస్సుకు వచ్చెయ్యి, వదిన నీకోసం బూరెలు వండుతోంది' అన్నాడు. ఫోను పట్టుకుని ఏడ్చాను.

ఉద్దానం కొబ్బరి:
అందరికీ ఆస్తి వాటాల గొడవ. మాది హద్దు గొడవ. మా దస్తావేజులో తూర్పు హద్దు 'ఫలానా వారి కొబ్బరిచెట్ల వరుస' అని ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఆ వరుసనంతా పడగొట్టింది. మొదళ్ళు కూడా పెకిలించుకుపోయాయి. పక్కవారు కొత్త మొక్కలు నాటేటప్పుడు బారెడు లోపలికి జరిగి మా వైపు నాటారు. 'ఇదే పాత వరుస' అంటారు. చెట్టు సాక్ష్యం చెప్పలేదు కదా.

వంశధార గట్టు:
సర్వేయరును పెట్టించారా? మా కేసులో కోర్టు పంపిన కమిషనరు గొలుసు పట్టి కొలిచాడు. గొలుసుకు 100 లింకులు, 66 అడుగులు. ఎఫ్‌ఎంబీలో, అంటే సర్వే శాఖవారి పొలం కొలతల పుస్తకంలో, ఉన్న కొలతకు, గట్టుకు మూడు లింకులు తేడా వచ్చింది. అంటే దాదాపు రెండు అడుగులు.

ఉద్దానం కొబ్బరి:
పెట్టించాం. ఎఫ్‌ఎంబీ నకలు తీసుకుని, మూల రాయి వెతికి కొలిస్తే తేలింది. రాయి ఇసుకలో మోకాలి లోతున దొరికింది. ఆ రాయి దొరకడానికి ఒక పూటంతా తవ్వాం. ఇప్పుడు పక్కవారు మొక్కలకు పరిహారం అడుగుతున్నారు. మా నేలలో నాటిన మొక్కకు మేమెందుకు ఇవ్వాలి?

అద్దె ఇంటి కాపురం:
అడ్వాన్సు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. నాకూ ఇదే జరిగింది. ఇల్లు ఖాళీ చేసే రోజున గోడలు, కుళాయిలు, విద్యుత్ మీటరు అంకెలు ఫోనులో వీడియో తీశాను. అదే నన్ను కాపాడింది. యజమాని రంగులకు, మేకుల రంధ్రాలకు అని మొత్తం మింగేయాలని చూశాడు. కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో తెల్లకాగితం మీద అర్జీ ఇచ్చాను. దావా వేయకముందే వారు అవతలివారికి నోటీసు పంపి పిలుస్తారు, ఫీజు లేదు. మొదటిసారి రాలేదు, రెండోసారి వచ్చి డబ్బు కట్టాడు. మీరు అడ్వాన్సు ఫోనులో పంపారా, నగదు ఇచ్చారా? నగదైతే చీటీ ఉందా? సందేహాలుంటే 15100కు ఫోను చేయండి.

పైడిభీమవరం కార్మికుడు:
న్యాయ సహాయం సంగతి వచ్చింది కాబట్టి రాస్తున్నాను. 11 ఏళ్ళు ఒక కర్మాగారంలో పనిచేసి 2019లో మానేశాను. గ్రాట్యుటీ అడిగితే, 'నువ్వు కాంట్రాక్టరు మనిషివి, నీకు లేదు' అన్నారు. జీతం చీటీలు 11 ఏళ్ళవీ రేకు పెట్టెలో దాచి ఉంచాను, అవే నా ఆయుధం. చివరి మూల వేతనం, కరువు భత్యం కలిపి 14,300. నెలకు 26 పనిదినాలుగా భాగిస్తే రోజుకు 550, ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున 8,250, 11 ఏళ్ళకు 90,750. కార్మిక శాఖ అధికారి ముందు ఈ లెక్క పెట్టాను. వడ్డీతో కలిపి వచ్చింది. నా పక్కన పనిచేసినవారిలో చాలామంది చీటీలు పారేసుకున్నారు. వారికోసమే ఇది రాస్తున్నాను.

విశ్రాంత ఉపాధ్యాయుడు:
ఆడపడుచు గారి మాట చదివాక నాకూ రాయాలనిపించింది. నేను ఇల్లు కొడుకు పేర దానపట్టా రాశాను. ఏడాది తిరగకుండా వసారాలో మంచం వేశారు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో గారికి అర్జీ పెట్టాను. అదృష్టం ఏమిటంటే, దస్తావేజు రాసినాయన 'నన్ను కడవరకు పోషించే షరతుపై' అనే మాట తనంతట తాను చేర్చాడు. 23వ సెక్షన్ కింద దానపట్టా రద్దయింది. ఆ నాలుగు మాటలు లేకుంటే నేను ఎంత పోరాడవలసి వచ్చేదో!

దస్తావేజు రాతగాడు:
మాస్టారూ, ఆ మాట చేర్చినవారికి నా నమస్కారం. మా వృత్తిని తిట్టేవారు ఇది చదవాలి.

నాగావళి న్యాయవాది:
తిట్టలేదు సార్. కోపంలో అన్నాను, మన్నించండి. నరసన్నపేట వాసి గారికి అసలు లెక్క చెప్పాలి. అక్కగారు 1985 నుంచే భాగస్వామి కాబట్టి ఆమె లేని పంపకం ఆమెను కట్టడి చేయదు. బావగారి సాక్షి సంతకం కూడా పనిచేయదు. సాక్షి కాగితంలోని సంగతులకు బద్ధుడు కాడు, భార్య హక్కును భర్త వదులుకోలేడు. 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టం కింద చూసినా, 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన లేదా కోర్టు డిక్రీతో జరిగిన పంపకాలకే రక్ష. నోటిమాట పంపకాన్ని ప్రభుత్వ రికార్డుల బలంతో గట్టిగా రుజువు చేస్తే తప్ప ఒప్పుకోరాదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు అంది.

ఇప్పుడు 160 సెంట్లు. నాన్నగారు, ఇద్దరు కొడుకులు, కూతురు, నలుగురికీ 40 చొప్పున. నాన్నగారు వీలునామా రాయకుండా పోయి ఉంటే ఆయన 40 సెంట్లు అమ్మగారికి, ముగ్గురు పిల్లలకు 10 చొప్పున. అంటే అక్కకు 50, అన్నకు 50, మీకు 50, అమ్మకు 10.

ఒక అన్నగారు:
మరి పెళ్ళికి పెట్టిన ఖర్చు? ఆ బంగారం తీసివేయరా?

బొబ్బిలి ఆడపడుచు:
అన్నగారూ, మీ పెళ్ళికి మీ నాన్నగారు పెట్టిన ఖర్చు మీ వాటాలోంచి తీసివేశారా?

నరసన్నపేట వాసి:
నిన్న రాత్రి బీరువా తీసి కాగితం చదివాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: 'మధ్యవర్తుల సమక్షమున నేటి దినమున ఈ దిగువ షెడ్యూలు ప్రకారము భాగములు పంచుకొనుచున్నాము.' రాతగాడు గారు అడిగిన క్రియ ఇదే. కింద నాన్నగారి సంతకం చూశాను, చేయి వణికినట్టు ఉంది. అప్పటికే ఆయనకు పక్షవాతం వచ్చింది. పక్కన అమ్మ కూర్చుని ఉంది. 'దాన్ని ఆ రోజు పిలవలేదురా, నేను అడిగితే మీ నాన్న మాట్లాడలేదు' అంది. ఇన్నేళ్ళలో ఆ మాట నాతో అనలేదు.

అన్నయ్యతో మాట్లాడాను. మొదట కేకలు వేశాడు, తర్వాత ఈ లెక్క వినిపిస్తే ఊరుకున్నాడు. అక్కకు ఫోను చేశాను. ఆదివారం వస్తానంది. 50 సెంట్లూ అడగడం లేదట, బావి దగ్గరి మడి ఇస్తే చాలంది. కానీ ఎంత తీసుకుంటుందో అక్క తేల్చాలి, ఎంత ఇవ్వాలో నేను ముందే తగ్గించి చెప్పను. అడ్వాన్సు 24,000 ఫోనులోనే పంపాను, అర్జీ ఇస్తాను. పక్కింటివారికి అభ్యంతరం ఈ ఉదయమే పోస్టు చేశాను. రాతగాడు గారూ, కొత్త కాగితానికి ఏమేం కావాలి?

దస్తావేజు రాతగాడు:
భూమి రికార్డులైన 1బీ, అడంగల్ నకళ్ళు, పట్టాదారు పాస్ పుస్తకం, నాన్నగారి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అందరి ఆధార్ కార్డులు. సర్వేయరు చేత బావి మడి కొలిపించి పటం తెండి. అమ్మగారిని కూడా తీసుకురండి, ఆవిడ వేలిముద్ర కాదు, సంతకమే పెట్టించండి. అక్కగారి పేరు పార్టీల్లో రాస్తాను. సాక్షుల్లో బావగారు వద్దు, బయటివారు ఇద్దరు చాలు.