సీమ యాస విలన్ నోటికే ఎందుకు?

పెన్న ఒడ్డు (అనంతపురం):
మొన్న రాత్రి టీవీలో సమరసింహారెడ్డి మళ్ళీ వేసినారు. ఈసారి ఫైట్లు వదిలేసి మాటలు మాత్రమే విన్నాను. హీరోదీ విలన్‌దీ ఒకటే సీమ. కానీ జయప్రకాశ్‌రెడ్డి నోరు తెరిస్తే మా ఊరి రచ్చకట్ట మీద కూర్చున్నట్టుంటుంది, బాలకృష్ణ నోరు తెరిస్తే చాలావరకు పాఠ్యపుస్తకం తెలుగు. అది వచ్చింది 1999లో. 2002లో వచ్చిన ఇంద్రలోనూ అదే తంతు. అంటే మంచోడైతే మన మాట రాకూడదా?

నేను ఇంజనీరింగ్ చదవడానికి వేరే జిల్లాకు పోయిన మొదటి రోజు హాస్టల్లో "పెట్టె యాడ పెట్టాలక్కా?" అని అడిగితే, గదిలో ఉన్న నలుగురూ నవ్వి "బాంబులు గాని తెచ్చినావా?" అన్నారు. నాలుగేళ్ళు మా అమ్మకు ఫోన్ చేయాలంటే మెట్ల కిందికి పోయి గొంతు తగ్గించి మాట్లాడేదాన్ని. ఫ్యాక్షన్ చూపించినారని కాదు నా కోపం, అది ఉండింది, ఊళ్ళలో మగవాళ్ళు పోయిన ఇళ్ళున్నాయి. ఆ రక్తాన్ని తెచ్చి మా అమ్మ మాట్లాడే మాటకు పూసినందుకు కోపం. మీరేమంటారు?

బుడ్డల చేను (కర్నూలు):
అక్కా, నీ బాధ అర్థమైంది గాని జయప్రకాశ్‌రెడ్డిని మాత్రం అనొద్దు. ఆయన మా సిరివెళ్ళ మనిషి. 1997లో ప్రేమించుకుందాం రా వచ్చినప్పుడు మా నాయన నన్ను తీసుకుపోయినాడు. తెర మీద ఆయన మాట్లాడుతుంటే మా నాయన నా భుజం గట్టిగా పట్టుకుని "ఇది మన మాటప్పా, అచ్చం మీ జేజినాయన మాట" అన్నాడు. అంతకుముందు సినిమాలో మన యాస అంత నిండుగా విన్నట్టు మా నాయనకు గుర్తులేదు. విలన్ అయితే ఏం, మాట బతికింది. ఆయన 2020లో పోయినాడు. ఇప్పుడు మా నాయన ఆ సినిమా పెడితే కథ కోసం చూడడు, కళ్ళు మూసుకుని వింటాడు.

గండికోట (కడప):
ఇద్దరూ సినిమాల దగ్గరే ఆగిపోయినారు. పుస్తకాలు చూడండి. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి కొండపొలం చదివినారా? కరువుకు ఊర్లో గడ్డీ నీళ్ళూ లేక గొర్రెల మందల్ని నల్లమలకు తోలుకుపోయే కాపర్ల నవల అది. తానా బహుమతి వచ్చింది. వాళ్ళందరూ మన యాసే మాట్లాడతారు, ఒకరి గొర్రె తప్పిపోతే అందరికీ నిద్ర పట్టదు, పులి భయంలో ఒకరికొకరు కాపలా. దాంట్లో మీరడిగే మంచోళ్ళున్నారు. ఇంకా లోతుకు పోవాలంటే బండి నారాయణస్వామి శప్తభూమి ఉంది, హండే రాజుల కాలం నాటి అనంతపురం సీమ. దానికి 2019లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మనవాళ్ళు మన మాటలో రాసినవి మనమే కొనకుండా సినిమావాళ్ళను తిడితే ఎట్లా?

కొండపొలం 2021లో సినిమాగా వచ్చింది, క్రిష్ తీసినాడు. అక్కడ నాకు కడుపు మండింది. నవలలో లేని ఓబులమ్మను తెచ్చి ప్రేమకథ కలిపినారు. గొర్రెలూ అడవీ సరిపోవా ఒక కథకు?

బుడ్డల చేను (కర్నూలు):
అన్నా, రెండు గంటలు గొర్రెల్నే చూపిస్తే థియేటర్‌కు ఎవరొస్తారు? నేను నవల చదవలేదు, నిజం చెప్తున్నా. నాకు సినిమా బాగానే ఉండింది.

పెన్న ఒడ్డు (అనంతపురం):
గండికోట అన్నా, నేను నవలా చదివినా, సినిమా చూసినా. నవలే గొప్పది, దాంట్లో వాదన లేదు, పిల్లోడు మందతో పాటు అడవిలోకి పోతూ పోతూ భయం పోగొట్టుకునే తీరు నాలుగు రోజులు నన్ను వదల్లేదు. కానీ ఓబులమ్మ విషయంలో మాత్రం నేను నీతో కలవలేను. 2018లో అరవింద సమేతలో ఎన్టీఆర్ మన యాస మాట్లాడినాడని అందరం సంబరపడినామే, ఎప్పుడు మాట్లాడినాడో గుర్తు తెచ్చుకో. సీమలో పగవాళ్ళ ముందు కూర్చున్నప్పుడు. హైదరాబాదులో ఆ అమ్మాయితో ప్రేమగా మాట్లాడాలంటే మళ్ళీ మామూలు తెలుగే. మన యాసలో నరకడం ఉంది, బెదిరించడం ఉంది, ప్రేమించడం లేదు. కొండపొలం సినిమాలో ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లోడు గొర్రెల మధ్య నిలబడి మన మాటలో ఒకరినొకరు ఉడికించుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది. అతుకో కాదో నాకు తెలియదు. ఆ అతుకు కోసం నేను ఇరవై ఏళ్ళు ఎదురుచూసినా.

గండికోట (కడప):
ఇట్లా నేను ఆలోచించలేదమ్మా. అయినా నా మాట నేను పూర్తిగా వదులుకోను. నవలలో కాపరి గొర్రెను పిలిచే పిలుపులో ఉండేది కూడా ప్రేమే, అది చూపించి ఉంటే ఇంకా బాగుండు. సరే, ఆ సన్నివేశాలు మళ్ళీ చూస్తాను, ఈసారి చెవులతో.

బుడ్డల చేను, నువ్వు నవల చదువు. నా ప్రతి పంపిస్తాను, చదివి తిరిగి ఇవ్వాల.

బుడ్డల చేను (కర్నూలు):
పంపించన్నా. మా నాయనకు కళ్ళు సరిగా ఆనడం లేదు, నేనే గట్టిగా చదివి వినిపిస్తా.