యూకేజీ పాప కాలరు నమిలేస్తోంది: మాన్పించాలా, బదులు ఇంకోటి నమలనివ్వాలా?

కోనసీమ_అమ్మ
పాపకి అయిదేళ్ల మూడు నెలలు. బడి నుంచి వచ్చేసరికి కాలరు కుడి కొస, ఎడమ చేతి అంచు తడిసి ముద్దయి ఉంటాయి. కాలరు కొస చిల్లులు పడింది. ఇంట్లో టీవీ ముందు తప్ప పెద్దగా నమలదు. తిండికి, మాటకి లోటు లేదు. పెద్దవాళ్లు కాలరుకి వేపనూనె రాయమంటున్నారు. ఒక థెరపిస్టు మెడలో వేసుకుని నమిలే సిలికాన్ లాకెట్ కొనమన్నారు. క్లాసు టీచరు మెడలో ఏదీ వద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?

చిన్నిచేతులు
ముందు వేపనూనె పక్కన పెట్టెయ్యండి. అది కడుపులోకి వెళ్లిన చిన్నపిల్లల్లో వాంతులు, మత్తు, ఫిట్స్ వచ్చిన కేసులు మన దేశంలోనూ మలేషియాలోనూ నమోదయ్యాయి. కాలరుకి రాసింది తిన్నగా నోట్లోకే పోతుంది. మిరప్పొడి కూడా వద్దు. కాలరు పట్టుకున్న చెయ్యే కళ్లు నులుముకుంటుంది.

ఒక వారం ఏమీ మార్చకుండా పట్టిక రాయండి. టైము, అప్పుడు ఏం చేస్తోంది, ఏ భాగం నమిలింది, ఎంతసేపు, పక్కనున్నవాళ్లు ఏమన్నారు. ఈ అయిదు గడులు చాలు. రాత పని చేసేటప్పుడే నములుతోందంటే తల వంచగానే కాలరు నోటికి అందుతోందని, లేదా రాత తనకి కష్టంగా ఉందని అర్థం. భోజనానికి ముందే ఎక్కువైతే ఆకలి. కొత్త టీచరు, కొత్త బస్సు వచ్చాక మొదలైతే బెదురు. ఒక్కోదానికి దారి వేరు.

ఇంకో సంగతి. నిజంగా నములుతోందా, చొంగ కారుతోందా చూడండి. నమిలితే బట్ట మీద పంటి గాట్లు, లేచిన పోగులు ఉంటాయి. ఊరికే తడిసి ఉండి, పాప నోరు తెరుచుకుని గాలి పీలుస్తుంటే అడినాయిడ్స్ (ముక్కు వెనక భాగంలో ఉండే కండ) పెరిగాయేమో ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాలి.

పెరటివేప
వేపాకు ఎన్ని తరాలుగా వాడుతున్నాం! తల్లిపాలు మాన్పించడానికి రాసేది అదేగా. ఇప్పుడు విషమైపోయిందా?

చిన్నిచేతులు
ఆకు వేరు, గింజల నుంచి తీసిన నూనె వేరండి. వాళ్లింట్లో అంటున్నది నూనె.

పలకబలపం
నూనె వద్దన్న మాట నాకూ సమ్మతమే. లాకెట్ దగ్గరే నా అభ్యంతరం. నోట్లోంచి ఒకటి తీసి ఇంకోటి పెడితే నమిలే వస్తువు మారుతుంది, అలవాటు అలాగే ఉంటుంది.

అలవాట్లు మాన్పించే పద్ధతి ఒకటి 1973 నుంచీ ఉంది. అజ్రిన్, నన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పెట్టింది. అలవాటు మొదలయ్యే క్షణాన్ని పిల్ల తానే పట్టుకోవాలి. ఆ క్షణంలో, నమలడంతో పాటు చెయ్యడానికి కుదరని ఇంకో పని చెయ్యాలి. చేసినప్పుడు పెద్దవాళ్లు మెచ్చుకోవాలి. ఇంట్లో అద్దం ముందు నిలబెట్టండి. కాలరు నోటిదాకా తెచ్చి సగంలో ఆపమనండి. పెదాలు మూసి, నాలుక అంగిటికి ఆనించి, రెండు అరచేతులు బల్ల మీద ఒత్తి, లోపల్లోపల ఇరవై దాకా లెక్కపెట్టమనండి. రోజూ అయిదు నిమిషాలు ఇదొక ఆటలా సాగాలి.

బడిలో టీచరు నోటితో చెప్పక్కర్లేదు. బల్ల మూల మీద రెండు వేళ్లతో తడితే చాలు, అది వాళ్లిద్దరికే తెలిసిన గుర్తు.

ఇందులో చాలామంది తప్పేది ఒక్కచోటే. "ఈరోజంతా నమలకపోతే బొమ్మ కొనిస్తా" అంటారు. అయిదేళ్ల పిల్లకి రోజంటే అంతులేనిది. పదింటికల్లా కాలరు తడుస్తుంది, ఇంక ఎలాగూ పోయిందని సాయంత్రం దాకా నములుతుంది. నలభై నిమిషాల పీరియడుని నాలుగు ముక్కలు చెయ్యండి. పది నిమిషాలకోసారి చూసి కాలరు పొడిగా ఉంటే ఒక చుక్క. తడిగా ఉంటే ఏమీ అనొద్దు. వారంపాటు ఎక్కువసార్లు పొడిగా ఉంటేనే పదిహేను నిమిషాలకి పెంచండి.

కుట్టుమిషను
యూనిఫారాలు కుట్టేవాళ్ల వైపు నుంచి రెండు మాటలు. కాలరుకి గంజి పెడుతున్నారా? మానెయ్యండి. నములుతుంటే నోట్లో ఊరే నీరు పిండిని విడగొడుతుంది, సన్నగా తీపి వస్తుంది. పైగా బిరుసుగా ఉన్న కొస పంటికి బాగా దొరుకుతుంది. బక్రం (కాలరు లోపల వేసే బిరుసు గుడ్డ) తీసేసి మెత్తటి కాలరు కుట్టించండి, కొస గుండ్రంగా తిప్పమనండి. పై గుండీని నాలుగు కన్నాల్లోంచీ దారం పోనిచ్చి, గుండీ కింద ఉన్న దారం చుట్టూ చుట్టి ముడెయ్యాలి. వదులైన గుండీ నమిలే పిల్లకి ప్రమాదం. చిల్లుపడ్డ కాలరుకి పైన అతుకు వెయ్యకండి, ఆ అంచే మళ్లీ నోటికి దొరుకుతుంది. కుట్టు విప్పి తిరగేసి కుట్టించాలి.

రెండోపన్ను
ఆరేళ్లకి అటూ ఇటూగా చివరి పాలపన్ను వెనకాల మొదటి శాశ్వత దంతం వస్తుంది. ఆ నెలల్లో చిగురు దురదకి ఏదో ఒకటి కొరకాలనిపిస్తుంది. చివరికంటా నోరు తెరిపించి, శుభ్రమైన వేలితో వెనక చిగురు తడిమి చూడండి. ఉబ్బి గట్టిగా ఉంటే చల్లటి కీర ముక్కో జామకాయో కొరకనివ్వండి. ఐసు ముక్కలు కొరికించొద్దు. పెదాల చుట్టూ ఎర్రగా పొక్కితే తుడిచి పెట్రోలియం జెల్లీ పల్చగా రాయండి, బడికి పోయే ముందు ఒకసారి, పడుకునేముందు ఒకసారి.

చిన్నిచేతులు
పలకబలపం గారూ, మీ పద్ధతి మంచిదే, కానీ ఆ వయసుకి బరువెక్కువ. "క్షణాన్ని పట్టుకోవడం" అన్నారు. అక్షరం మీద దృష్టి పెట్టి రాస్తున్న పిల్లకి కాలరు నోట్లో ఉన్న సంగతే తెలియదు. ఎనిమిదేళ్లు దాటాక ఆ పద్ధతి హాయిగా పనిచేస్తుంది. అయిదేళ్లకి చుట్టూ ఉన్నవాటిని మార్చడం తేలిక.

ఉదయం ఫలహారంలోనూ పదకొండు గంటల డబ్బాలోనూ దవడకి పని చెప్పే తిండి ఉండాలి. జామకాయ, లేత కొబ్బరి ముక్కలు, చేగోడీలు, ఉడికిన మొక్కజొన్న కండె. పల్లీలు గుండ్రంగా అలాగే ఇవ్వొద్దు. రాగిజావ చిక్కగా కలిపి సన్నటి స్ట్రాతో పీల్పించండి, పెదాలకీ బుగ్గలకీ గట్టి పని. రాతకి కూర్చునే ముందు రెండు నిమిషాలు గోడని రెండు చేతులా నెట్టించడం, పుస్తకాల దొంతర మోయించడం చెయ్యండి.

ఇవన్నీ చేసినా నోరు వెతుక్కుంటుంటే అప్పుడు నమిలే వస్తువు. మెత్తటిది, మధ్యరకం, గట్టిది అని రకాలుంటాయి. కాలరుకి చిల్లు పెట్టేంత కొరికే పిల్లకి మెత్తటిది ఇస్తే తెంపేస్తుంది, ముక్క గొంతులో పడుతుంది. మధ్యరకం నుంచి మొదలుపెట్టండి. రోజూ సాయంత్రం సబ్బుతో కడిగి, సాగదీసి, వంచి చూడాలి. చిన్న గాటు కనపడినా పారెయ్యాల్సిందే.

పలకబలపం
ఆ లాకెట్ల గురించే 2018 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ (అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) హెచ్చరిక ఇచ్చింది. పళ్లొచ్చే పసిపిల్లల దండలతో పాటు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు నమలడానికి వేసుకునే వాటినీ కలిపే చెప్పింది. మెడకి బిగుసుకోవచ్చు, పూస ఊడి గొంతుకి అడ్డం పడొచ్చు. మన దగ్గర 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. మీరు కొనమంటున్న లాకెట్‌కి ఆ గుర్తు ఉందా? చూసి చెప్పండి.

చిన్నిచేతులు
మెడలో వెయ్యమని నేనెక్కడా అనలేదు. చొక్కాకి క్లిప్పుతో పెట్టండి, పట్టీ జానెడుకి మించకూడదు. జారుడుబల్ల ఎక్కేటప్పుడు, ఆటోలో, నిద్రలో ఉండకూడదు. పూసలున్నవి అసలే వద్దు, ఒకే అచ్చులో పోసింది తీసుకోవాలి. గుర్తు లేకపోతే కొనొద్దు.

పలకబలపం
థెరపిస్టు లాకెట్ అన్నారని పై పోస్టులోనే ఉంది. మీరు కాదన్నారు, సరే. మెడలో వేసే రకం వద్దని మీరూ ఒప్పుకున్నట్టేనా?

చిన్నిచేతులు
మెడలో వద్దు. నోట్లో వద్దని మాత్రం అనను.

పెరటివేప
నేనన్నది ఆకు రసం. నూనె కాదు. ఆకు రసం రాస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు.

పిల్లలవార్డు_సిస్టర్
ఏమీ కాకపోవచ్చు, కానీ పని కూడా చెయ్యదు బాబాయిగారూ. చేదు ఒక అరగంట. ఉమ్మితో కడుక్కుపోతుంది, పిల్ల రెండో కొస అందుకుంటుంది.

అందరూ వదిలేసిన ప్రశ్న ఒకటుంది. మింగుతోందా? నమిలి వదిలేస్తే అలవాటు. పోగులు మింగుతూ ఒక నెలపైన సాగితే దాన్ని పైకా అంటారు, డాక్టరు చూడాలి. మలంలో దారాలు, కడుపునొప్పి, వాంతులు, పొట్ట ఉబ్బరం ఉంటే ఆ రోజే వెళ్లాలి. మట్టి, సుద్దముక్క, పచ్చి బియ్యం కూడా తింటోందా గమనించండి. ఇనుము తక్కువైన పిల్లల్లో ఇది బాగా చూస్తాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలలు దాటిన అయిదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత తేలింది, కాబట్టి "మా పిల్ల బాగా తింటుంది" అని వదలకండి. సీబీపీ (రక్తకణాల పరీక్ష), ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చూసే పరీక్ష) రెండూ చేయించండి. అయిదు దాటిన పిల్లకి హిమోగ్లోబిన్ 11.5 కంటే తక్కువుంటే రక్తహీనతే. జలుబు, జ్వరం ఉన్నప్పుడు ఫెరిటిన్ తప్పుగా ఎక్కువ చూపిస్తుంది, తగ్గాక చేయించండి. అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకి వారానికొకటి ఇచ్చే గులాబీ రంగు ఐరన్ మాత్ర మీ బడిలో ఇస్తున్నారో లేదో అడగండి. ఫిబ్రవరి, ఆగస్టుల్లో నులిపురుగుల మాత్ర వేశారో లేదో కూడా.

పలకబలపం
సిస్టర్ గారు చెప్పింది అందరికన్నా ముందు రావాల్సింది.

చిన్నిచేతులు గారూ, మళ్లీ మీ దగ్గరికే. గోడ నెట్టడం, పుస్తకాలు మోయడం ఈ అలవాటుని తగ్గిస్తాయనడానికి గట్టి ఆధారం ఏది? అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2012లోనే ఇలా స్పర్శ, కదలికలతో చేసే ఇంద్రియ చికిత్సలకి పరిశోధన పరిమితమని తల్లిదండ్రులకి చెప్పమంది. నలభై మంది పిల్లలు, ఒక టీచరు. ఒక పిల్లని గోడ దగ్గరికి పంపితే మిగతా ముప్పై తొమ్మిది మంది కూడా లేస్తారు. క్లిప్పుకున్నది పక్కపిల్ల లాగి నోట్లో పెట్టుకుంటుంది. కింద పడితే కడగాల్సింది, పోతే వెతకాల్సింది, రాత్రి తల్లి ఫోను ఎత్తాల్సింది టీచరే. ఒక్కో పిల్లని ఒక్కో గదిలో చూసేవాళ్లకి ఇవి తట్టవు.

చిన్నిచేతులు
అదే ప్రకటనలో ఇంకో మాట కూడా ఉంది. వాడితే గడువు పెట్టుకుని, డైరీ రాస్తూ, ఫలితం కొలవమన్నారు. నేను మొదట అడిగిన పట్టిక దానికే.

మీ నలభై మంది బాధ నాకు తెలుసు. ఆ నలభై మంది ముందూ నిలబెట్టి "చూడండి దీని కాలరు" అని చూపించిన పిల్లలు మా దగ్గరికే వస్తారు. కాలరు మానేసి జుట్టు నములుతూ వస్తారు, గోళ్లు రక్తం వచ్చేదాకా కొరుకుతూ వస్తారు. కాలరు పొడిగా ఉందని బడి సంతోషిస్తుంది. పిల్ల కుదుటపడిందా అని ఎవరూ అడగరు. మీక్కావలసింది పొడి కాలరు, అంతే.

పలకబలపం
పిల్లని నిలబెట్టమని నేను ఏ పోస్టులో రాశానో చూపించండి. బల్ల మీద రెండు వేళ్లు తట్టమన్నాను. తడిగా ఉంటే ఏమీ అనొద్దన్నాను. వేరేవాళ్లు చేసింది నా నెత్తిన వెయ్యకండి.

అవును, పొడి కాలరు కావాలి. వచ్చే ఏడు ఒకటో తరగతికి వెళ్తుంది. ఏడేళ్ల పిల్లలు కనికరం చూపించరు. చొక్కాకి రబ్బరు కట్టుకుని నమిలే పిల్లకి పేరు పెడతారు. ఒకే బడిలో చదివితే ఆ పేరు పదో తరగతి దాకా వెంట వస్తుంది. ఆ పేరు పడకముందే మానాలని నా ఆత్రం.

చిన్నిచేతులు
ఇప్పుడు అసలు చోటికి వచ్చాం. మీరు పిల్లని క్లాసుకి సరిపోయేలా చెయ్యాలంటున్నారు. పేరు పెట్టే పిల్లలకి నేర్పి, క్లాసునే కాస్త మార్చాలని నేనంటున్నాను. కళ్లజోడు పెట్టుకున్న పిల్లని వెక్కిరించొద్దని చెప్పం? ఇదీ అంతే.

పలకబలపం
కళ్లజోడు లేకపోతే పిల్లకి కనపడదు. నమిలే వస్తువు లేకపోతే పిల్లకి ఏం తక్కువవుతుందో మీరు పట్టికతో చూపించండి, ఒప్పుకుంటాను. క్లాసుని మార్చాలన్నది మంచి మాటే. కానీ అది మారేలోపు ఈ పిల్లకి ఆరేళ్లు నిండుతాయి.

కుట్టుమిషను
ఇద్దరూ ఆ తల్లికి ఏం చెయ్యాలో ముందు చెప్పండి.

కోనసీమ_అమ్మ
సిస్టర్ గారూ, మింగడం లేదు, మట్టి తినదు. అయినా రక్తపరీక్ష చేయిస్తాను. వెనక చిగురు ఒకవైపు గట్టిగా తగులుతోంది. గంజి పెడుతున్న మాట నిజమే, ఆపేస్తాను. పట్టిక రేపటి నుంచి రాస్తాను. బడివాళ్లకి ఏమని రాయాలి?

పలకబలపం
నాలుగు వాక్యాలు చాలు. ఎక్కువ రాస్తే చదవరు. రాత పీరియడులో ఒక్కసారి, ఆ పీరియడు అయ్యాక ఒక్కసారి కాలరు చూసి డైరీలో "పొడి" లేదా "తడి" అని రాయమనండి. నోటితో వారించొద్దనండి, చెయ్యి పట్టి లాగొద్దనండి. స్ట్రా ఉన్న నీళ్ల సీసా బల్ల మీద ఉంచనివ్వమనండి, దీనికి ఏ టీచరూ కాదనదు. పట్టించుకోవడం మానేసిన మొదటి నాలుగైదు రోజులు నమలడం పెరుగుతుంది, భయపడొద్దు. అక్కడే చాలామంది వదిలేస్తారు.

చిన్నిచేతులు
సీసా మంచి ఆలోచన. కొరికేందుకు వీలుగా మెత్తటి మూతి ఉన్నది కొనండి, వారానికోసారి మూతి తీసి చూడండి, పగులు వస్తే పారెయ్యండి. ఆరు వారాలు ఇలా చేసి పట్టిక ఇక్కడ పెట్టండి. తగ్గకపోతే మీ జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యల్ని తొందరగా గుర్తించి చూసే కేంద్రం) ఉందేమో అడగండి, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఉచితంగా చూస్తారు. నమిలే వస్తువు అప్పుడు ఆలోచిద్దాం.

పలకబలపం
ఆలోచించేటప్పుడు ఎప్పుడు తీసేస్తారో తేదీ కూడా రాయాలి.

చిన్నిచేతులు
తేదీకి నేను ఒప్పుకోను. పట్టికలో తగ్గినప్పుడే తీయాలి.