ఇన్నేళ్ళ ఫర్మ్‌వేర్‌లో ఇంకా తిండి పెడుతున్నదేది?

మారతహళ్ళి_మానవుడు
అందరికీ నమస్తే. 14 ఏళ్ళుగా బెంగళూరులోనే ఫర్మ్‌వేర్ (పరికరాల లోపల నడిచే కోడ్) రాస్తున్నా. ముందు ఈథర్‌నెట్ స్విచ్‌లు, ఇప్పుడు ఫ్యాక్టరీల్లో మిషన్లని నెట్‌వర్క్‌కి కలిపే గేట్‌వేలు. మేనేజర్‌గా వెళ్ళమంటున్నారు, రేపు పొద్దున మాట చెప్పాలి. నాకేమో ఇంకా బోర్డు ముందే కూర్చోవాలనుంది. భయమూ ఉంది. చేరినప్పుడు నేర్చుకున్న ప్రొటోకాల్స్‌లో సగం పేర్లు ఇంటర్వ్యూకొచ్చే పిల్లలు విననే లేదు. ఇక్కడ ఇరవై, ముప్పై ఏళ్ళు ఇదే పని చేసినవాళ్ళున్నారు. ధైర్యం చెప్పొద్దు, దయచేసి. మీరు నేర్చుకున్నవాటిలో ఏది పోయింది, ఏది ఇంకా తిండి పెడుతోంది? అది చెప్తే చాలు.

పీన్యా_పాతకాపు
1989లో పీన్యాలో ఓ షెడ్డులో మొదలుపెట్టా బాబూ. 8051 అనే చిన్న ప్రాసెసర్ చిప్పు, అసెంబ్లీ భాష. చిప్పు లోపల ర్యామ్ 128 బైట్లు. కిలోబైట్లు కాదు, బైట్లే. కోడ్‌లో ఒక్క లైను మారిస్తే ఈప్రామ్ (కోడ్ ఉండే చిప్పు) పీకి, అతినీలలోహిత దీపం కింద ఇరవై నిమిషాలు పెట్టి చెరిపి, మళ్ళీ బర్న్ చేసి సాకెట్లో గుచ్చాలి. ఆ మధ్యలో కరెంటు పోతే టీ కొట్టుకి. రోజుకి ఎన్నోసార్లు కుదిరేది కాదు కాబట్టి, ముందు కాగితం మీదే ప్రోగ్రాం నడిపి చూసుకునేవాళ్ళం.

అవన్నీ పోయాయి. మిగిలింది ఒకటే: ఏ కౌంటర్ చూసినా అది ఎప్పుడు నిండుతుందో లెక్కెయ్యడం. దానికో కథ ఉంది, రాత్రికి రాస్తా. మనవరాలిని స్కూలు నుంచి తేవాలి.

డబ్బులివ్వని_ఏటీఎం
నేను 1997లో ఏటీఎం స్విచ్‌ల మీద చేరా. బ్యాంకుది కాదు, డేటాని సెల్ అనే చిన్న ముక్కలుగా పంపే నెట్‌వర్క్ పద్ధతి. సెల్ 53 బైట్లు, చిరునామా ఉండే హెడర్‌కి 5 పోను డేటాకి 48. ఎందుకు 48 అంటే యూరప్ వాళ్ళు 32 అన్నారు, అమెరికా వాళ్ళు 64 అన్నారు, కూరగాయల బేరంలా మధ్యకి కొట్టారు. ఇక ప్రపంచమంతా ఏటీఎమే అని మాకు చెప్పారు. నంద్యాలలో మా అత్తగారు మాత్రం "మా కోడలు బ్యాంకు మిషన్లు బాగుచేస్తుంది" అని వీధంతా చెప్పుకునేది. నేనూ సరిదిద్దలేదు, మర్యాద బాగానే దక్కింది.

2001లో టెలికాం కుప్పకూలింది. ఓ శుక్రవారం భోజనం చేసొచ్చేసరికి మా ఫ్లోర్‌లో సగం కుర్చీలు ఖాళీ. మా పాపకి అప్పుడు ఐదు నెలలు. ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చున్నా.

తర్వాత చేరినచోట ఐపీ రౌటర్లు. నాలుగేళ్ళ చదువు బూడిదలో పోసినట్టే అనుకున్నా. తీరా ట్రాఫిక్ పోలీసింగ్ (ఎవరూ హద్దు మించి డేటా పంపకుండా చూసే) కోడ్ తెరిస్తే, ఏటీఎంలో వాడిన అదే లీకీ బకెట్ లెక్క. ఎంపీఎల్ఎస్‌లో (ప్యాకెట్‌కి లేబుల్ అంటించి దారి చూపే పద్ధతి) లేబుళ్ళు మార్చడం చూస్తే, మా సెల్‌కి దారి చెప్పే వీపీఐ-వీసీఐ అంకెలు మార్చడమే, చీర మార్చుకొచ్చింది. అసలు బీఎస్ఎన్ఎల్ డీఎస్ఎల్ మోడెమ్‌లో వీపీఐ 0, వీసీఐ 35 అని కొట్టినవాళ్ళంతా తెలియకుండా ఏటీఎం వాడినవాళ్ళే. క్యూ నిండితే ఎవర్ని ముందు పంపాలి, ఎవర్ని పారెయ్యాలి? ఈ ఒక్క ప్రశ్న మీదే పాతికేళ్ళుగా జీతం తీసుకుంటున్నా.

మేనేజర్‌గిరీ రెండేళ్ళు చేసి వెనక్కొచ్చా. పని కష్టమని కాదు, సాయంత్రానికి ఏం చేశానో నాకే తెలిసేది కాదు. మా తమ్ముడు మాత్రం అందులోనే హాయిగా ఉన్నాడు, కాబట్టి నా మాట పట్టుకోకండి.

హెక్స్_డంప్
నాకు తిండి పెట్టింది బైట్ ఆర్డర్, అంటే అంకెలోని బైట్లలో ఏది ముందు రావాలన్నది. పవర్‌పీసీ ప్రాసెసర్ బోర్డుల నుంచి ఆర్మ్ ప్రాసెసర్లకి కోడ్ తరలించే ప్రాజెక్టులు మూడు చేశా. ఆ పవర్‌పీసీ బోర్డుల్లో పెద్ద బైటు ముందు, నెట్‌వర్క్‌లోనూ అంతే. అందుకని మార్పిడి ఫంక్షన్ పెట్టడం మర్చిపోయినా పదేళ్ళు నడిచిపోయింది. చిన్న బైటు ముందుండే ఆర్మ్‌కి రాగానే పోర్టు 80 కాస్తా 20480 అయి కూర్చుంది. నెట్‌వర్క్ ప్యాకెట్లు చూపించే వైర్‌షార్క్‌లో ఆ అంకె కనిపిస్తే నేను కోడ్ కూడా అడగను.

ఎస్పీరోడ్_కుర్రోడు
అన్నా, అక్కా, నాది మూడేళ్ళ అనుభవమే. అమీర్‌పేటలో కోర్సు చేసి వచ్చా. రూమ్మేట్ వెబ్ చేస్తాడు, నాకు రెట్టింపు జీతం. నేనేమో ఆదివారం ఎస్పీ రోడ్డులో కనెక్టర్లు వెతుక్కుంటూ తిరుగుతా. మొన్న ఏఐతో ఎస్పీఐ (చిప్పులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) డ్రైవర్ రాయిస్తే, ఆ చిప్పులో లేనే లేని రిజిస్టర్ బిట్ ఒకటి పెట్టింది. రెండ్రోజులు పోయాయి. ఈ ఫీల్డ్‌లో ఉండొచ్చంటారా?

హెక్స్_డంప్
@ఎస్పీరోడ్_కుర్రోడు జీతం సంగతి నిజమే, దాచేదేం లేదు. కానీ ఆ బిట్ లేదని రెండ్రోజుల్లో పట్టుకున్నావుగా. ఈసారి డేటాషీట్ కంటే ముందు ఎరాటా తెరువు. చిప్పు చేసినవాడే తన తప్పులు రాసిచ్చే కాగితం అది, ఎవడూ చదవడు.

పీన్యా_పాతకాపు
వచ్చా. 1990ల చివర్లో, ఓ కస్టమర్ దగ్గర మా డేటా మక్స్ బాక్సులు (చాలా లైన్లని ఒక్కదాంట్లో కలిపేవి) పదకొండు ఒకేరోజు ఆన్ చేశాం. టిక్ 10 మిల్లీసెకన్లు, అంటే అంతకోసారి కౌంటర్ ఒకటి పెరుగుతుంది. కౌంటర్ 32 బిట్లు. ఏడాది దాటినా ఒక్క ఫోను రాలేదు. ఓ మధ్యాహ్నం పదకొండూ కలిసి ఉలుకూ పలుకూ లేకుండా పడున్నాయి. ఆపి వేస్తే మామూలే. ఎర్తింగ్ అన్నారు, పిడుగన్నారు. ఆరోజు మబ్బే లేదు!

వెళ్ళి రెండు రోజులు కూర్చున్నా, ఏం దొరకలేదు. తిరుగు బస్సులో డైరీ తీసి, బాక్సులు పెట్టిన తేదీ నుంచి లెక్కపెట్టా. 497 రోజులు. 2 పవర్ 32ని సెకనుకి 100 చొప్పున లెక్కేస్తే అంతే వస్తుంది. కౌంటర్ నిండి సున్నాకొచ్చింది. కస్టమర్ మంచి యూపీఎస్ పెట్టాడు, అదే కొంప ముంచింది. మధ్యలో ఒక్కసారి కరెంటు పోయుంటే బయటపడేదే కాదు.

"ఇప్పుడు" అనేది "మొదలు ప్లస్ గడువు"ని దాటిందా అని చూసింది కోడ్. "ఇప్పుడు మైనస్ మొదలు" గడువుని దాటిందా అని అడగాలి. అన్‌సైన్డ్ (మైనస్ అంకెలు లేని) తీసివేత కౌంటర్ తిరిగొచ్చినా సరైన జవాబే ఇస్తుంది. ఆ లైను రాసింది నేనే. మా బాస్‌కి మాత్రం అప్పట్లో "టీమ్ పొరపాటు" అని చెప్పా.

డబ్బులివ్వని_ఏటీఎం
పరికరాల్ని దూరం నుంచి గమనించే ఎస్ఎన్ఎంపీలో, ఆన్ అయి ఎంతసేపైందో చెప్పే సిస్‌అప్‌టైమ్ కూడా సెకనులో వందో వంతే కదండీ. 497 రోజులకి అది సున్నాకొస్తే, రౌటర్ రీబూట్ అయిందని అర్ధరాత్రి ఫోన్లు. ఎన్నిసార్లో.

హెక్స్_డంప్
బోయింగ్ 787కి 2015లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఇచ్చిన ఆదేశం గుర్తుందా? 248 రోజులు ఆపకుండా కరెంటులో ఉంటే జనరేటర్ కంట్రోల్ యూనిట్లు ఆగిపోవచ్చని. మీ 497లో సగం చూడండి. లినక్స్ వాళ్ళు తెలివిగా జిఫ్ఫీస్ అనే టిక్ కౌంటర్‌ని బూటైన 5 నిమిషాలకే చుట్టు తిరిగేలా మొదలుపెడతారు. తప్పుంటే టేబుల్ మీదే బయటపడుతుంది.

మారతహళ్ళి_మానవుడు
పాతకాపు గారూ, మీది చదివి ఇప్పుడే ల్యాప్‌టాప్ తెరిచా. మా టిక్ 1 మిల్లీసెకను, అంటే 49.7 రోజులు. మా సోక్ టెస్ట్ (ఆపకుండా నడిపి చూసే పరీక్ష) నడిపేది మూడు వారాలు. "మొదలు ప్లస్ గడువు" మూడు చోట్ల దొరికింది, ఒకటి వాచ్‌డాగ్‌ని (కోడ్ ఆగిపోతే బోర్డుని రీసెట్ చేసే టైమర్) తట్టే టాస్క్‌లోనే. వచ్చే వారం రిలీజ్. రేపు మేనేజర్ సంగతి తర్వాత, ముందు ఇది చెప్తా.

పీన్యా_పాతకాపు
మూడు దొరికాయంటే నాలుగోది ఎక్కడో సైన్డ్ ఇంట్‌లో (సగం మైనస్ అంకెలకే పోయే రకం) దాక్కునుంటుంది. అది 24.8 రోజులకే పేలుతుంది. పడుకోకముందే వెతుకు.