క్రైస్తవ ఐక్యతా ప్రార్థన వారం: ఆన్‌లైన్ కూడికలకు స్వచ్ఛంద సేవకుల ప్రణాళిక

సమన్వయకర్త:
ప్రియ సహోదర సహోదరీలకు వందనాలు. జనవరి 18 నుండి 25 వరకు జరిగే క్రైస్తవ ఐక్యతా ప్రార్థన వారాన్ని ఈసారి మన ప్రవాస తెలుగు క్రైస్తవ సమాఖ్య ఆన్‌లైన్‌లో జరపాలని కార్యవర్గం నిర్ణయించింది. మన సభ్యులలో కాథలిక్కులు, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వారు, లూథరన్లు, బాప్టిస్టులు, పెంతెకోస్తు వారు అందరూ ఉన్నారు. పండుగ శుభాకాంక్షలు ఒకరికొకరు పంపుకుంటారు గాని, ఒకరి పక్కన ఒకరు కూర్చుని ప్రార్థించిన సందర్భాలు చాలా తక్కువ.

ఈ వారాన్ని 1908లో అమెరికాలోని గ్రేమూర్‌లో పాల్ వాట్సన్ ఆరంభించారు. పేతురు పేరిట ఉన్న పండుగకు, పౌలు మారుమనస్సు పండుగకు నడుమ ఎనిమిది రోజులను ఆయన ఎంచుకున్నారు. 1968 నుండి ప్రపంచ క్రైస్తవ సంఘాల మండలి, వాటికన్ ఉమ్మడిగా సిద్ధం చేసిన వాక్యభాగాలు, ప్రార్థనలు దీనికి వాడుకలో ఉన్నాయి. అందువలన మనం కొత్తగా ఏదీ రచించనక్కరలేదు. ఆ క్రమాన్ని తెలుగులోకి తెచ్చుకుంటే చాలు.

ఇక నా ప్రతిపాదన. ఒక పెద్ద సభ, అయిదుగురు ప్రసంగీకులు, చివర ఒక ఫొటో అనే పద్ధతిని ఈసారి విడిచిపెడదాం. వందల మంది తెర మీద చిన్న చిన్న గడులలో కనిపించి, గంటసేపు ప్రసంగం విని సెలవు తీసుకుంటే ఎవరికి ఎవరు పరిచయమైనట్టు? దానికి బదులుగా ప్రతి సాయంత్రం గంటసేపు మాత్రమే కూడుకుందాం. మొదటి పావుగంట అందరమూ కలిసి వాక్యం చదివి, ఆ తర్వాత ఆరుగురేసి చొప్పున వీడియో కాల్‌లోనే విడిగా తెరిచే చిన్న గదులలోకి వెళ్లి, చివరి పది నిమిషాలకు మళ్లీ కలుసుకుందాం. ఆ ఆరుగురూ వేర్వేరు సంఘాలకు చెందినవారై ఉండాలి. ఎనిమిది సాయంత్రాలూ అదే ఆరుగురు ఉండాలి. మొదటి రోజు ఎవరైనా తమ పేరు, ఉద్యోగం మాత్రమే చెబుతారు. ఇంట్లో ఉన్న అసలు బాధను చెప్పి ప్రార్థించమని అడగడానికి మూడు నాలుగు రోజులైనా పడుతుంది. గదులను రోజూ మార్చితే ఆ నాలుగో రోజు ఎన్నటికీ రాదు.

ప్రార్థనా క్రమ బృందం:
గదుల ఆలోచనతో మేము ఏకీభవిస్తున్నాం. అయితే క్రమంలో ఏది ఉండాలి, ఏది ఉండకూడదు అన్నది ముందే తేల్చుకోవాలి. 1952లో స్వీడన్‌లోని లుండ్‌లో జరిగిన విశ్వాస, సంఘ వ్యవస్థల ప్రపంచ సదస్సు ఒక సూత్రాన్ని మన ముందు ఉంచింది. లోతైన విశ్వాస భేదాల వలన విడిగా చేయక తప్పని వాటిని మినహాయించి, మిగిలినవన్నీ సంఘాలు కలిసి చేయాలన్నది దాని సారాంశం. మామూలుగా మనం దీనిని తలక్రిందులుగా ఆచరిస్తున్నాం: అన్నీ విడిగా చేసి, ఏడాదికొకసారి కలుస్తున్నాం.

ఈ సూత్రం ప్రకారం వాక్య పఠనం, విజ్ఞాపన ప్రార్థన, కృతజ్ఞతా స్తుతి, సాక్ష్యం కలిసి చేయవచ్చు. ప్రభురాత్రి భోజనం, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధన మాత్రం ఈ కూడికలలో ఉండకూడదు. ఎవరి రొట్టె వారు ఇంట్లో పెట్టుకుని తెర ముందు తీసుకుందామని కొందరు ఉత్సాహంగా అడిగారు. వారి కోరిక మంచిదే గాని, కాథలిక్కులూ మరికొన్ని సంఘాల వారూ దానిలో పాలుపొందలేరు. ఐక్యత కోసం పిలిచిన చోట వారిని ప్రేక్షకులుగా కూర్చోబెట్టినట్టవుతుంది. పరలోక ప్రార్థన చివర ‘రాజ్యము, బలము, మహిమ’ అనే స్తుతిని కొందరు కలిపి చెబుతారు, కాథలిక్కులు అక్కడికి ముందే ఆపుతారు. నడిపించేవారు ఆ చోట ఒక్క క్షణం ఆగితే ఎవరూ తొట్రుపడరు. చిన్న విషయమే గాని, మొదటి రోజే ఎవరి ముఖమైనా చిన్నబోతే రెండవ రోజు వారు రారు.

సాంకేతిక బృందం:
మూడు విషయాలు మనవి చేస్తున్నాం. అందరినీ ఒకే వేళకు పిలవడం సాధ్యం కాదు. లండన్‌లో సాయంత్రం 6 గంటలైతే దుబాయ్‌లో రాత్రి 10, సిడ్నీలో మరునాడు తెల్లవారుజామున 5 అవుతుంది. కనుక యూరప్, గల్ఫ్ వారికి ఒక కూడిక, అమెరికా వారికి ఒకటి, ఆస్ట్రేలియా, సింగపూర్ వారికి ఒకటి ఏర్పాటు చేసి, 25వ తేదీ మాత్రం లండన్ సమయం మధ్యాహ్నం 12 గంటలకు అందరినీ కలుపుదాం. అప్పుడు న్యూయార్క్‌లో ఉదయం 7, దుబాయ్‌లో సాయంత్రం 4, సిడ్నీలో రాత్రి 11 అవుతుంది. కాలిఫోర్నియా వారికి తెల్లవారుజాము 4 గంటలు, వారు క్షమించాలి.

ఆన్‌లైన్‌లో అందరూ ఒకేసారి పాడటం కుదరదు. శబ్దం చేరడంలో సుమారు 30 మిల్లీసెకన్లకు మించి ఆలస్యమైతే తాళం తప్పుతుంది, వీడియో కాల్‌లో ఆలస్యం సాధారణంగా అంతకంటే ఎక్కువే. ఒకరు పాడాలి, మిగిలినవారు మైక్ మ్యూట్‌లో పెట్టి తమ ఇళ్లలో గొంతు కలపాలి.

ఇక గదులను కలగలుపుగా కూర్చాలంటే నమోదు పత్రంలో సంఘం వివరం అడగక తప్పదు. ‘మీరు సాధారణంగా ఆరాధించేది ఎక్కడ?’ అని మాత్రమే అడుగుదాం. ఆ జాబితాను గదులు కూర్చే ఇద్దరు తప్ప మరెవరూ చూడకూడదు.

యువజన విభాగం:
పెద్దలకు నమస్కారం. భేదాల గురించి అసలు మాట్లాడకుండా ఎనిమిది రోజులు నవ్వుతూ గడపడం మాకు కొంత కృత్రిమంగా తోస్తున్నది. బాప్తిస్మం, మరియమ్మ, అన్య భాషలలో ప్రార్థించడం వంటి వాటిపై ప్రశ్నలు మా స్నేహితులు రోజూ అడుగుతారు. ఒక సాయంత్రం చర్చకు కేటాయించవచ్చునా?

సలహా మండలిలోని ఒక కాపరి:
ప్రశ్న న్యాయమైనదే. అయినా దయచేసి ఆ చర్చను ఈ వారంలో పెట్టకండి. నీతిమంతులుగా తీర్చబడుట, అంటే మనిషి దేవుని ఎదుట నీతిమంతుడిగా ఎలా ఎంచబడతాడు అన్నదాని గురించి కాథలిక్కులు, లూథరన్లు కలిసి ఉమ్మడి ప్రకటనపై సంతకం చేసినది 1999 అక్టోబరు 31న, అదీ దశాబ్దాల సంభాషణ తర్వాత. మెథడిస్టులు 2006లో దానికి సమ్మతి తెలిపారు. దానిని మనం నలభై నిమిషాలలో తేల్చబోతే మిగిలేది వాదులాటే.

మన నేల మీద జరిగినదీ అంతే. 1919లో తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో సమావేశమైన కొద్దిమంది భారతీయ సేవకుల పిలుపుతో మొదలైన సంభాషణ, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘంగా (సీఎస్ఐగా) ఫలించడానికి ఇరవై ఎనిమిది సంవత్సరాలు పట్టింది. ఆ పిలుపు ఇచ్చినవారిలో ముఖ్యుడైన దోర్నకల్ బిషప్ వి. ఎస్. అజరయ్య 1945లోనే ప్రభువునందు నిద్రించారు. ఆ దినాన్ని చూడలేదు. పైగా తెలుగు లూథరన్లు, బాప్టిస్టులు ఆ కలయికలో చేరలేదు, వారికీ తమ కారణాలు ఉన్నాయి. యువత కోరే చర్చను ఈ వారం ముగిసిన తర్వాత, నెలకొక అంశంగా, ప్రతి సంప్రదాయం వారూ తమ విశ్వాసాన్ని తామే వివరించే విధంగా పెట్టండి. ఎదుటివారి నమ్మకాన్ని మనం వివరించకూడదన్న ఒక్క నియమం చాలు, సగం గొడవలు తగ్గుతాయి.

సహాయ విభాగం:
నిజం చెప్పాలంటే మా ఆసక్తి అంతా ఈ వారం ముగిసిన మరునాటి మీద, అంటే 26వ తేదీ మీదనే ఉంది. కొత్తగా వచ్చిన విద్యార్థికి ఇల్లు దొరకనప్పుడు, ఆసుపత్రిలో ఉన్నవారికి తెలుగులో ప్రార్థించే మనిషి కావలసినప్పుడు, స్వదేశంలో తల్లిదండ్రులు మరణించి ప్రయాణం కుదరనప్పుడు ఎవరూ ‘మీది ఏ సంఘం?’ అని అడగరు. ఆరుగురి గదులు ఆ తర్వాత కూడా చిన్న వాట్సాప్ బృందాలుగా కొనసాగితే, ఊరూరా మనకు తెలిసిన మనుషులు ఉన్నట్టే. అయితే వ్యాధి, వీసా, కుటుంబ సమస్యల వంటి ప్రార్థన మనవులు గది దాటి పోకూడదు. గదులను రికార్డు చేయకూడదు. పెద్ద బృందంలో ప్రకటనలు నిర్వాహకులే పెట్టాలి. చందాల విన్నపాలు, వచ్చినవన్నీ ముందుకు పంపే సందేశాలు, ఇతర సంఘాలపై విమర్శలు వద్దు. ముఖ్యంగా, గదిలో పరిచయమైన వారిని తమ సంఘానికి రమ్మని ఎవరూ లాగకూడదు. ఆ అనుమానం ఒక్క కాపరికి కలిగినా, మరుసటి ఏడాది తమ సభ్యులను పంపరు.

సమన్వయకర్త:
అందరి సూచనలూ స్వీకరించాం. మూడు కూడికలు, మారని ఆరుగురు, ప్రభురాత్రి భోజనం లేకుండుట, గదులలో రికార్డింగు లేకుండుట ఖాయం. చర్చా సాయంత్రాలను ఫిబ్రవరి నుండి యువజన విభాగమే నడపాలి. మొదటి అంశంగా బాప్తిస్మాన్ని తీసుకోవలసిందిగా కోరుతున్నాను. సంఘస్థులను లాగకూడదన్న నియమాన్ని నమోదు పత్రంలోనే పెట్టి, చదివి సమ్మతించిన వారికే లింకు పంపుదాం. అన్ని సంఘాల కాపరులకు, కాథలిక్కు గురువులకు ఆహ్వానం పంపే ముందు ఫోనులో మాట్లాడటం మర్యాద, ఆ పని నేను చేస్తాను. ఇంకా గది నడిపేవారు కావాలి. బాగా ప్రార్థించగలిగిన వారికంటే, ఇతరులను మాట్లాడనిచ్చేవారు మాకు అవసరం. సమ్మతమైనవారు తమ దేశం, అనుకూలమైన కూడిక వేళ ఇక్కడే తెలియజేయండి.