కొత్తగా వచ్చినవాళ్లను చర్చిలో ఎలా పలకరించాలి?

అందరికీ వందనాలు. మాది ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి. మా ఆరాధన, పాటలు, ప్రసంగం అన్నీ తెలుగులోనే. పోయిన నెల గుమ్మ అనే ఊరి వైపు నుంచి ఒక సవర గిరిజన జంట వచ్చింది. వెనక చెప్పుల దగ్గరే కూర్చున్నారు. అలవాటుగా ‘కొత్తవాళ్లు లేచి పరిచయం చేసుకోండి’ అన్నాం. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించేసింది. మళ్లీ రాలేదు.

బంగారు ఉంగరం ఉన్నవాడికి మంచి చోటు, పేదవాడికి నేల. యాకోబు పత్రిక 2వ అధ్యాయం తప్పుపట్టింది మేమూ చేశామేమో (ముందు బెంచీలు ఎప్పుడూ పెద్దల కుటుంబాలవే లెండి).

ఒడియా బాగా వచ్చినవాళ్లను పక్కన కూర్చోబెట్టి మెల్లగా అర్థం చెప్పిద్దామా? వాక్యం సవర భాషలో కూడా చదివిస్తే అతి అనిపిస్తుందా? ఆ జంట ఇంటికి వెళ్లి పిలవాలా, లేక అది ఇంకా ఇబ్బందా? మీ సంఘాల్లో ఏం చేస్తున్నారో చెప్పండి.